టాక్సీకి ఏ కారు కొనాలి? – ఒక బ్యాంకు మామయ్య లెక్క

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. వాళ్ళ కాలంలో అప్పు చేసి టాక్సీ కొనే అలవాటు ఉండి ఉంటే ఆ సామెతకు మూడో ముక్క కూడా తప్పకుండా చేర్చి ఉండేవారు. ముప్పై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగంలో టాక్సీ అప్పులు ఎన్నో చూసిన వాడిగా చెబుతున్నాను. నేను చదివింది బి.కాం. ఇంజన్ విప్పితే లోపల ఏముంటుందో నాకు తెలియదు. కానీ బండి ఎవరిని నిలబెట్టింది, ఎవరిని ముంచింది అన్నది మాత్రం పద్దు పుస్తకాల్లో కళ్ళారా చూశాను.

క్రిందటి దసరా సెలవుల్లో మా అక్కయ్య కొడుకు బెంగళూరులో మా ఇంటికి వచ్చాడు. పీణ్యాలో ఒక చిన్న కార్ఖానాలో పదకొండేళ్ళు లేత్ మిషన్ మీద పని చేశాడు. యజమాని కార్ఖానా ఎత్తేశాడు. ప్రావిడెంట్ ఫండ్ కింద చేతికొచ్చింది మూడు లక్షలు. ఇంట్లో భార్య, ఆరో తరగతి చదివే కూతురు, మా అక్కయ్య. కాఫీ తాగి, గొంతు సవరించుకుని అన్నాడు.

"మామయ్యా, ఏడు సీట్ల బండి ఒకటి చూశాను. రోడ్డు మీదికి వచ్చేసరికి పద్నాలుగు లక్షలు. పెద్ద బండికి పెద్ద బాడుగ వస్తుందంటున్నారు. మూడు లక్షలు నేను కడతాను. మిగతాది నువ్వు అప్పు ఇప్పించాలి."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇరవై ఏళ్ళ క్రితం ఇదే మాట మరొకరి నోట విన్నాను.

ఒక పాత పద్దు

అప్పట్లో నేను కృష్ణగిరి జిల్లాలో ఒక శాఖలో కొత్త ఆఫీసరుని. బెంగళూరులో కాల్ సెంటర్లకు రాత్రింబవళ్ళు బండ్లు తిరుగుతున్న రోజులవి. మన తెలుగాయనే ఒకరు, నలభై ఏళ్ళ మనిషి, పెద్ద డీజిల్ బండికి అప్పు అడిగారు. కంపెనీ కాంట్రాక్టు కాగితం చూపించారు. నేను ఆయన ఆదాయం లెక్క చూశాను, పూచీదారుని చూశాను, సంతకం పెట్టాను. బండిని గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. దాని విడి భాగాలు ఎక్కడ దొరుకుతాయో, ఆ ఊళ్ళో దాన్ని విప్పగల మేస్త్రీ ఉన్నాడో లేడో విచారించలేదు.

ఏడాది తిరిగేసరికి గేరు పెట్టె పాడైంది. భాగం ఎక్కడినుంచో రావాలన్నారు. బండి ఏడు వారాలు షెడ్డులో పడి ఉంది. కాంట్రాక్టు మరొకరికి పోయింది. వాయిదాలు ఆగాయి. ఆ బండిని స్వాధీనం చేసుకునే నోటీసు మీద సంతకం పెట్టిందీ నేనే. వేలంలో వచ్చింది చాలక ఆయన భార్య పుట్టింటివారిచ్చిన ఎకరం పొలం అమ్మి మిగతా బాకీ కట్టారు. బ్యాంకు పుస్తకాల్లో ఆ ఖాతా మూసేశాం. నా మనసులో మాత్రం అది ఇంకా తెరిచే ఉంది.

అందుకని మేనల్లుడితో అన్నాను: "ఒరే, అప్పు సంగతి తర్వాత. ముందు ఒక ఆదివారం నాతో కూర్చో. లెక్క వేద్దాం."

టాక్సీ వాడు బండి కొనడు, కిలోమీటర్లు కొంటాడు

మనం ఇంటికి కారు కొనేటప్పుడు రంగు, సీట్లు, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు, అన్నీ చూస్తాం. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. టాక్సీ అలా కాదు. రోజుకు 200 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకోండి. నెలకు 5,000, ఏడాదికి 60,000. మన ఇంటి కారు ఆరేళ్ళలో తిరిగేది టాక్సీ ఒక్క ఏడాదిలో తిరుగుతుంది.

ఈ ఒక్క అంకె గుర్తు పెట్టుకుంటే సగం మోసాలు తప్పుతాయి. ఉదాహరణకు వారంటీ. "మూడేళ్ళు లేదా లక్ష కిలోమీటర్లు, ఏది ముందైతే అది" అని రాసి ఉంటే షోరూములో మూడేళ్ళ మాటే గట్టిగా చెబుతారు. టాక్సీకి లక్ష కిలోమీటర్లు ఇరవై నెలల్లో అయిపోతాయి. కరెంటు కార్ల బ్యాటరీకి ఎనిమిదేళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు అని ఉంటే, టాక్సీ వాడి లెక్కలో అది 32 నెలలే. టాక్సీగా నడిపితే వారంటీ షరతులు మారతాయా అన్నది కూడా కాగితం మీద రాయించుకోవాలి.

మన ముందు తరం టాక్సీ వాళ్ళకు ఈ సూత్రం చదువు లేకుండానే తెలుసు. అంబాసిడర్ అంతకాలం ఎందుకు నిలిచింది? ఏ ఊళ్ళో ఆగిపోయినా ఎవరో ఒక మేస్త్రీ సుత్తి, స్పానరుతో లేపేవాడు. దాని తయారీ 2014లో ఆగింది. బొంబాయి కాలీ పీలీ పద్మినీలు తయారీ ఆగిన తర్వాత కూడా ఇరవై ఏళ్ళకు పైగా తిరిగి 2023 అక్టోబరులో చివరిసారిగా రోడ్డు దిగాయి. మన బెంగళూరు పక్కన బిడదిలో 2000లో పుట్టిన క్వాలిస్ 2005లోనే ఆగిపోయినా, కాల్ సెంటర్ల కాలం గుర్తున్నవాళ్ళు దాని పేరు ఇప్పటికీ ప్రేమగానే తలుచుకుంటారు. పాడైనా పనికి త్వరగా తిరిగి వచ్చే బండే టాక్సీకి మంచి బండి.

మేస్త్రీ చెప్పిన మాట

మదనపల్లె వైపు నుంచి వచ్చి బెంగళూరులో పాతికేళ్ళుగా గ్యారేజీ నడుపుతున్న మేస్త్రీ ఒకాయన నాకు తెలుసు. మేనల్లుణ్ణి ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చెయ్యి తుడుచుకుంటూ అన్నది ఇదీ:

"సార్, మీరు షోరూముకి పోకముందు ఎయిర్‌పోర్టు పార్కింగుకి పోండి. ఏ బండి ఎక్కువ ఉందో లెక్కపెట్టండి. తర్వాత జె.సి. రోడ్డుకి పోయి ఆ బండి క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, ముందు బంపరు ధర అడగండి. నాలుగు అంగళ్ళలో వెంటనే తీసి ఇచ్చినారంటే ఆ బండి కొనండి. 'రేపు తెప్పిస్తాం' అన్నారంటే వద్దు."

మేమిద్దరం అలాగే చేశాం. దేవనహళ్ళి విమానాశ్రయం దగ్గర మాకు కనిపించిన వాటిలో ఎక్కువభాగం నాలుగు మీటర్ల లోపు పొడవున్న చిన్న సెడాన్లు. వాటిలోనూ మారుతి డిజైర్ ఎక్కువ. దాని టాక్సీ రకం టూర్ ఎస్ అన్న పేరుతో పెట్రోలులోనూ, సి.ఎన్.జి.లోనూ వస్తుంది. దానికి పక్కనే హ్యుండాయ్ ఆరా, టాటా టిగోర్. పెద్ద కుటుంబాల కోసం ఎర్టిగా, దాని టాక్సీ రకం టూర్ ఎం. దూర ప్రయాణాలకు ఇన్నోవా.

టాక్సీ రకానికి ఆడంబరం తక్కువ. అల్లాయ్ చక్రాలు, పెద్ద తెర ఉండవు. కానీ గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వని వేగ నియంత్రణ యంత్రం ఫ్యాక్టరీలోనే పెట్టి ఇస్తారు. వ్యాపార వాహనానికి అది చట్టరీత్యా కావలసిందే. ఇనుప చక్రం గుంతలో పడి వంగితే కొట్టి సరిచేయించవచ్చు, అల్లాయ్ పగిలితే కొత్తది కొనాల్సిందే అన్నాడు మేస్త్రీ.

పన్ను సంగతి కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1,200 సి.సి. లోపు ఇంజన్ ఉన్న పెట్రోలు, సి.ఎన్.జి. కార్లకు జి.ఎస్.టి. 18 శాతానికి తగ్గింది. అంతకు మించిన కార్లకు 40 శాతం. చిన్న సెడాన్‌కు ఇది పెద్ద అనుకూలం.

ఏ ఇంధనం?

లెక్క సులువుగా ఉండటానికి గుండ్రటి అంకెలు తీసుకుంటున్నాను. మీ ఊరి ధరలు వేసి మీరు మళ్ళీ చూసుకోండి. కంపెనీవాళ్ళు చెప్పే మైలేజీ పరీక్షా కేంద్రంలోది. ఏసీ వేసుకుని సిల్క్ బోర్డు జంక్షన్‌లో నిలబడితే వచ్చేది వేరు. నేను ఊరి రద్దీకి తగ్గట్టు తగ్గించి వేశాను.

పెట్రోలు లీటరు 100 రూపాయలు, 16 కిలోమీటర్లు ఇస్తే, కిలోమీటరుకు 6 రూపాయల 25 పైసలు. సి.ఎన్.జి. కిలో 90 రూపాయలు, 24 కిలోమీటర్లు ఇస్తే, 3 రూపాయల 75 పైసలు. తేడా రెండున్నర రూపాయలు. నెలకు 5,000 కిలోమీటర్ల మీద 12,500 రూపాయలు. సి.ఎన్.జి. బండికి మొదట తొంభై వేలు ఎక్కువ పెట్టినా ఎనిమిది నెలల లోపు తిరిగి వస్తుంది. ఏడాదికి పదివేలే తిరిగే మన ఇంటి కారుకైతే ఆ సొమ్ము రాబట్టడానికి దాదాపు మూడున్నర ఏళ్ళు పట్టేది.

సి.ఎన్.జి.కి లోటు లేకపోలేదు. డిక్కీలో సిలిండరు కూర్చుంటే సామాను పట్టదు. విమానాశ్రయం బాడుగకు ఇది పెద్ద ఇబ్బంది. రెండు చిన్న సిలిండర్లు అడుగున అమర్చి డిక్కీ స్థలం మిగిల్చే ఏర్పాటు టిగోర్ వంటి వాటిలో 2023 నుంచి వస్తోంది. లేదంటే బండి పైన క్యారియరు కావాలి. సిలిండరుకు మూడేళ్ళకొకసారి ఒత్తిడి పరీక్ష చేయించాలి. మీ ఊళ్ళో సి.ఎన్.జి. బంకు ఇంటికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటే ఈ లెక్కంతా తారుమారు.

డీజిల్ విషయానికి వస్తే, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. ఇప్పుడు డీజిల్ ఎక్కువగా పెద్ద బండ్లలోనే. వాటి పొగ గొట్టంలో మసి వడకట్టే జల్లెడ ఉంటుంది. ఎప్పుడూ ఊళ్ళోనే మెల్లగా తిరిగితే అది పూడుకుపోతుంది. డీజిల్ రోజూ హైవే ఎక్కేవాడికే సరి.

ఇక కరెంటు కారు. వంద కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు అనుకుందాం. ఇంట్లో యూనిట్ 8 రూపాయలకు చార్జింగు చేసుకుంటే కిలోమీటరుకు 1 రూపాయి 20 పైసలే. బయట యూనిట్ 20 రూపాయలకు చేయిస్తే 3 రూపాయలు, అంటే సి.ఎన్.జి.కి దగ్గర దగ్గరే. కాబట్టి సొంత పార్కింగు, సొంత మీటరు ఉన్నవాడికి కరెంటు కారు లక్ష్మి. మా వాడు ఉండేది అద్దె ఇంటి రెండో అంతస్తులో. బండి నిలిపేది వీధి చివర. వైరు ఎక్కడినుంచి లాగుతాడు?

రెండు బండ్లు, రెండు పద్దులు

ఆ ఆదివారం మా అక్కయ్య ఉప్మా చేస్తూ ఉండగా మేం కూతురి నోటుపుస్తకం వెనక పేజీలో రాసిన లెక్క ఇది.

సి.ఎన్.జి. సెడాన్ రోడ్డు మీదికి ఎనిమిదిన్నర లక్షలు అనుకున్నాం. మూడు లక్షలు మనవి, అయిదున్నర లక్షలు అప్పు. పది శాతం వడ్డీ, అయిదేళ్ళు. వాయిదా నెలకు 11,700. నెలకు 5,000 కిలోమీటర్లలో 1,500 ఖాళీగా తిరిగేవే. ఈ ఖాళీ కిలోమీటర్లను లెక్కలో వేసుకోకపోవడమే మనవాళ్ళు చేసే పెద్ద పొరపాటు. మిగిలిన 3,500కు కమిషన్ పోను కిలోమీటరుకు 20 రూపాయల చొప్పున రాబడి 70,000.

ఖర్చులు: గ్యాసు 18,750. వాయిదా 11,700. ఇన్సూరెన్సు, పన్ను, ఫిట్‌నెస్ కోసం నెలనెలా పక్కన పెట్టాల్సింది 4,000. టైర్లకు 2,250. సర్వీసు, బ్రేకులు, క్లచ్‌కు 4,000. పార్కింగు, ఫోను, కడిగించడం, చలాన్లు 3,000. మొత్తం 43,700. మిగిలేది 26,300. అందులో 5,000 "తర్వాతి బండి" అని వేరే ఖాతాలో వేయాలి. ఇంటికి 21,300. గొప్ప సంపాదన కాదు, కానీ ఇల్లు గడుస్తుంది, అప్పు తీరుతుంది.

ఇప్పుడు ఏడు సీట్ల డీజిల్ బండి. పద్నాలుగు లక్షలకు పదకొండు లక్షల అప్పు. వాయిదా సరిగ్గా రెట్టింపు, 23,400. డీజిల్ లీటరు 90 రూపాయలకు 13 కిలోమీటర్లు ఇస్తే నెలకు 34,600. ఈ రెండింటిలోనే అదనపు భారం 27,550. మరి పెద్ద బాడుగ? కర్ణాటక ప్రభుత్వం 2024 జనవరిలో బండి ఖరీదును బట్టి ఛార్జీలు నిర్ణయించింది. పది లక్షల లోపు బండికి నాలుగు కిలోమీటర్లు దాటాక కిలోమీటరుకు 24 రూపాయలు, పది నుంచి పదిహేను లక్షల బండికి 28. తేడా నాలుగు రూపాయలు. కమిషన్ మాట మరిచిపోయి ఆ నాలుగూ మనకే వచ్చాయనుకున్నా 3,500 కిలోమీటర్లకు 14,000.

మేనల్లుడు పెన్సిలు కింద పెట్టాడు. 26,300 మిగలాల్సిన చోట 12,750. తర్వాతి బండి కోసం దాచేది కూడా అందులోంచే.

"అంటే పెద్ద బండి కొని నేను చిన్నవాణ్ణవుతానన్నమాట" అన్నాడు.

అలాగని ఏడు సీట్ల బండి దండగ అనను. తిరుపతి, మంత్రాలయం, పుట్టపర్తి యాత్రలకు కుటుంబాలను తీసుకెళ్ళే వాడుక ఉన్నవాడికి, ట్రావెల్స్ ఆఫీసుతో పొత్తు ఉన్నవాడికి అదే సరైన బండి. హైవే మీద మైలేజీ ఎక్కువ, ఖాళీ తిరుగుడుకు కూడా బాడుగ ముడుతుంది. కానీ గిరాకీ ముందు, బండి తర్వాత. మా వాడికి అప్పటికి ఒక్క గిరాకీ లేదు.

పాత బండి కొనేవారికి, కాగితాలు చూసుకునేవారికి

మన సరిహద్దు జిల్లాల తెలుగువాళ్ళకు ఒక బలహీనత ఉంది. ఆంధ్రాలోనో తెలంగాణలోనో బంధువుల ద్వారా పాత బండి చవగ్గా దొరికిందని తెచ్చేసుకుంటాం. కర్ణాటకలోనో, తమిళనాడులోనో, ఒడిశాలోనో, మహారాష్ట్రలోనో స్థిరంగా తిప్పాలంటే పాత ఆర్.టి.ఓ. నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ పన్ను మళ్ళీ కట్టాలి, నంబరు మార్చాలి. ఈ ఖర్చు కలుపుకున్నాక కూడా చవగ్గా ఉంటేనే కొనండి. బ్యాంకు అప్పు తీరిందా, ఆర్.సి. మీద తాకట్టు నమోదు కొట్టేశారా, చలాన్లు బాకీ ఉన్నాయా అన్నది డబ్బివ్వక ముందే చూడాలి. కిలోమీటర్ల మీటరును నమ్మవద్దు. కంపెనీ సర్వీసు చరిత్ర అడగండి. క్లచ్ పెడలు, సీటు అంచు, స్టీరింగు అరుగుదల అబద్ధం చెప్పవు.

తెల్ల బోర్డు బండిని దొంగతనంగా బాడుగకు తిప్పడం ఇంకో ప్రమాదం. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ షరతు తప్పారని చెయ్యి దులుపుకోవచ్చు. ఒక్క ప్రమాదంతో ఇల్లు అమ్ముకోవలసి వస్తుంది. పసుపు బోర్డుకు పర్మిటు, మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకొకసారి, తర్వాత ఏటా ఫిట్‌నెస్, బండి ఎక్కడుందో చూపే యంత్రం, ఆపద మీట అన్నీ కావాలి. లైసెన్సు విషయంలో 2024 నవంబరులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఊరటనిచ్చింది. 7,500 కిలోల లోపు తేలిక వాహనాల లైసెన్సు ఉన్నవారు అదే తరగతి రవాణా బండి నడపటానికి వేరే అనుమతి అవసరం లేదని తేల్చింది.

అప్పు సంగతి. ముద్ర పథకం కింద పది లక్షల దాకా తాకట్టు లేకుండా అప్పు దొరికే అవకాశం ఉంది. టాక్సీలు కూడా అందులోకి వస్తాయి. అంతకు ముందు తీసుకున్న తరుణ్ అప్పు సక్రమంగా తీర్చినవారికి 2024 అక్టోబరులో ఆ పరిమితి ఇరవై లక్షలకు పెరిగింది. కానీ ఇస్తారని తీసుకోవద్దు. వానకాలంలో, పరీక్షల కాలంలో గిరాకీ పడిపోయిన నెలలో కూడా కట్టగల వాయిదా ఎంతో అంతే తీసుకోండి. మూడు నెలల వాయిదా సొమ్ము చేతిలో లేకుండా బండి తాళం అందుకోవద్దు. అక్కయ్య గాజులు తీసి ఇవ్వబోతే నేను తిప్పి ఆమె చేతికే తొడిగాను. వ్యాపారం మొదటి రోజే ఇంట్లో బంగారం కదిలితే రెండో కష్టానికి కదలడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు ఎలా ఉన్నాడు?

మా వాడు తెల్ల రంగు సి.ఎన్.జి. సెడాన్ కొన్నాడు. అప్పు నా శాఖలో కాదు, వేరే చోట తీసుకొమ్మన్నాను. బంధువు కాగితం మీద బంధువు సంతకం పెట్టకూడదు. అక్కయ్య నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి హారతి ఇచ్చింది.

ఆరు నెలలు దాటింది. ప్రతి ఆదివారం నోటుపుస్తకం తెస్తాడు. నా లెక్కలో ఒక తప్పు కూడా పట్టాడు. "మామయ్యా, గ్యాసు బంకు దగ్గర లైన్లో పోయే గంట నువ్వు వేయలేదు" అన్నాడు. నిజమే. నేను గదిలో కూర్చుని వేసిన లెక్కలో కాలానికి ఖరీదు కట్టలేదు. ఇప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి గ్యాసు పట్టించుకుని విమానాశ్రయం దారి పడుతున్నాడు. నాలుగో నెలలో ఒక ఆటో వచ్చి ముందు బంపరు పగలగొట్టింది. జె.సి. రోడ్డులో మధ్యాహ్నం కొని సాయంత్రానికి బిగించుకున్నాడు. ఒక్క పూట బాడుగ పోయింది, అంతే.

ఆ సంగతి ఫోనులో చెబుతుంటే నాకు కృష్ణగిరి షెడ్డులో ఏడు వారాలు పడి ఉన్న ఆ పాత బండి కళ్ళ ముందు కనపడింది. ఆ రోజు నేను అడగవలసిన ప్రశ్న ఒక్కటే. "అయ్యా, ఇది పాడైతే ఎన్ని రోజుల్లో రోడ్డెక్కుతుంది?" మీ ఇంట్లో ఎవరైనా టాక్సీ కొనబోతుంటే మీరు ఆ ప్రశ్న తప్పక అడగండి. జవాబు రోజుల్లో కాక గంటల్లో వస్తే నిశ్చింతగా కొనమనండి.